"ఎనీ డౌట్స్?" అంటే తరగతి ఎందుకు పలకదు: సెమినార్ పీరియడ్‌లో ఫోన్ చేయగల పని

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో సెమినార్ పీరియడ్ చాలావరకు ఒకే తీరుగా నడుస్తుంది. ఒక విద్యార్థి పెన్‌డ్రైవ్ పెట్టి పీపీటీ తెరుస్తాడు. ఇరవై స్లైడ్లు వరసగా చదువుతాడు. చివరి స్లైడ్ రాగానే "ఎనీ డౌట్స్?" అంటాడు. ముందు బెంచీల నుంచి ఒకటి రెండు గొంతులు "నో" అంటాయి, చప్పట్లు పడతాయి, తర్వాతి రోల్ నంబర్ లేస్తుంది. అరవై మంది కూర్చున్న గదిలో ఆ గంటలో నిజంగా ఆలోచించింది ఎంతమంది అనేది ఎవరికీ తెలియదు.

ఈ మౌనానికి కారణం పిల్లలకు ఆసక్తి లేకపోవడమేనని తేల్చేయడం సులువు. కానీ లోపలికి వెళ్లి చూస్తే కారణాలు వేరుగా కనిపిస్తాయి. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ రెండేళ్లూ బిట్లు చేయడంలోనే గడిపి, బీటెక్‌కు వచ్చిన విద్యార్థికి విషయం తెలిసినా దాన్ని అరవై మంది ముందు ఇంగ్లీషు వాక్యంగా నిలబెట్టడం పెద్ద టెన్షన్. గ్రామర్ తప్పితే వెనక బెంచీ నవ్వుతుంది. మొదట చెయ్యెత్తినవాడికి 'ఓవర్ యాక్షన్' అని పేరు పడుతుంది. అమ్మాయిలు ఒక వైపు, అబ్బాయిలు ఒక వైపు కూర్చునే గదుల్లో ముందుగా లేచి మాట్లాడిన అమ్మాయి మీద అందరి చూపూ పడుతుంది. వీటన్నిటికంటే బలమైనది ఇంకొకటి ఉంది. తోటి విద్యార్థి సెమినార్ ఇస్తున్నప్పుడు ప్రశ్న అడగడమంటే సార్ ముందు వాడిని ఇరికించడమే. ఈరోజు నేను నిన్ను అడగను, రేపు నువ్వు నన్ను అడగకు అన్న ఒప్పందం నోటితో ఎవరూ చెప్పుకోకపోయినా తరగతంతా పాటిస్తుంది. కాబట్టి చివర్లో డౌట్స్ అడగడమనే పద్ధతే ఈ గదికి సరిపడదు. ప్రశ్న శ్రోతల వైపు నుంచి కాకుండా మాట్లాడేవాడి వైపు నుంచి రావాలి. దానికి అందరూ ఒకేసారి, ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకుండా బదులివ్వగలగాలి. డిజిటల్ సాధనాలు నిజంగా ఉపయోగపడేది ఈ ఒక్క చోటే. రంగులు, సంగీతం, బొమ్మలు ఆ తర్వాతి సంగతి.

ఈ ఆలోచన స్మార్ట్‌ఫోన్ల కంటే పాతది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో తన తరగతిని మార్చారు. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేస్తారు. ప్రతి విద్యార్థీ ఒంటరిగా ఆలోచించి ఒక జవాబు ఎంచుకుంటాడు. తర్వాత పక్కవాడితో వాదిస్తాడు. ఆపై మళ్లీ జవాబు చెబుతాడు. మొదట్లో చేతుల్లో పట్టుకునే అట్టముక్కలతోనూ ఈ పని జరిగింది. తర్వాత చిన్న రిమోట్‌లాంటి క్లిక్కర్లు వచ్చాయి. ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చాక క్లిక్కర్ అవసరం తీరిపోయింది. స్వీడన్‌కు చెందిన మెంటీమీటర్, స్లొవేకియాలో పుట్టి 2021లో సిస్కో చేతికి వెళ్లిన స్లైడో, నార్వే నుంచి 2013లో బయటికొచ్చిన కహూట్, బెంగళూరులో 2015లో మొదలై ఇప్పుడు వేగ్రౌండ్‌గా పేరు మార్చుకున్న క్విజిజ్ అన్నీ ఆ పనినే తలా ఒక రూపంలో చేస్తున్నాయి. తెరమీద క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది, స్కాన్ చేస్తే ప్రశ్న ఫోన్‌లోకి వస్తుంది, జవాబు నొక్కితే తెరమీద గ్రాఫ్ కదులుతుంది. బీసెంట్ రోడ్డులో తోపుడు బండి దగ్గర కూడా స్కాన్ చేసి డబ్బు కట్టే పిల్లలకు ఇందులో కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు.

అయితే యాప్ వాడినంత మాత్రాన తరగతి పాల్గొన్నట్టు కాదు. ఏ ప్రశ్న వేశారన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది.

ఉదాహరణకు సివిల్ మూడో సంవత్సరం విద్యార్థిని పట్టణ వరదల మీద సెమినార్ ఇస్తోందనుకుందాం. విజయవాడలో ఈ అంశానికి 2024 సెప్టెంబరు వరద కంటే దగ్గరి ఉదాహరణ ఉండదు. మామూలుగా అయితే ఆమె "ప్రకాశం బ్యారేజీ ఏ సంవత్సరంలో పూర్తయింది?" అని పోల్ పెడుతుంది. 1957 అని తెలిసినవాడు నొక్కుతాడు, తెలియనివాడు గూగుల్ చేసి నొక్కుతాడు. రెండు నిమిషాలు పోతాయి, మాట్లాడుకోవడానికి మాత్రం ఏమీ మిగలదు. దాని బదులు మొదటి స్లైడ్‌కు ముందే ఇలా అడిగితే ఏమవుతుంది? "సెప్టెంబరు 1న సింగ్‌నగర్‌ను ముంచిన నీరు ప్రధానంగా ఎక్కడిది? కృష్ణా నది పొంగి వచ్చిందా, బుడమేరు వాగు నుంచి వచ్చిందా, నగరం డ్రైనేజీ పొంగిందా?"

ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. టీవీల్లో గంటగంటకూ చూపించింది ఆ బ్యారేజీనే. అందుకని గదిలో చాలామంది కృష్ణ అనే నొక్కే అవకాశం ఉంది. ఇక్కడ ప్రశ్న వేసిన అమ్మాయి జవాబు చెప్పేయకూడదు, గ్రాఫ్ కూడా చూపించకూడదు. "పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోండి, తెలుగులోనే మాట్లాడుకోండి" అంటే చాలు. అప్పుడు బెంచీల్లో మాట మొదలవుతుంది.

"బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు కదరా, కృష్ణ కాకపోతే ఇంకేంటి?"

"కృష్ణ పొంగితే ముందు ఒడ్డునే ఉన్న కృష్ణలంక మునగాలి కదా. సింగ్‌నగర్ రైలు పట్టాల అవతల ఉంది, అక్కడిదాకా ఎలా వస్తుంది?"

ఆ రెండో మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఊరు తెలిసిన బుర్రలోంచి వచ్చింది. కృష్ణలంక వైపు నది నీటిని ఆపే రిటైనింగ్ వాల్ ఉందని ఒకరు గుర్తుచేస్తారు, తమ బంధువుల ఇల్లు సింగ్‌నగర్‌లోనే అని ఇంకొకరు చెబుతారు. రెండోసారి ఓటు వేయించాక తెరమీద రెండు గ్రాఫులూ పక్కపక్కన పెడితే తరగతి ఆలోచన ఎటు కదిలిందో కనబడుతుంది. అప్పుడు ఆమె అసలు విషయానికి వస్తుంది. బుడమేరు నీటిని బ్యారేజీ ఎగువన కృష్ణలో కలిపే మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, ఆ నీరు నగరం ఉత్తర భాగంలోకి వచ్చింది. నది నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు అందులోకి సులువుగా దిగదు కాబట్టి కృష్ణకు ఈ కథలో పాత్ర లేకపోలేదు. కృష్ణ అని నొక్కినవాడు పూర్తిగా తప్పని కూడా అనలేం. ఇంత జరిగాక ఆమె చూపించే మ్యాపు స్లైడ్‌ను తరగతి చూసే చూపే వేరుగా ఉంటుంది. ఎందుకంటే ఆ మ్యాపులో వాళ్లకు ఇప్పుడు వెతుక్కోవాల్సింది ఒకటి ఉంది.

మజూర్ పద్ధతి వాడేవాళ్లు ఒక లెక్క పాటిస్తారు. మొదటి ఓటులో 30 శాతం కంటే తక్కువ మందే సరిగ్గా చెబితే విషయం ఇంకా అందలేదని అర్థం, మళ్లీ వివరించాలి. 70 శాతం దాటితే రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్లవచ్చు. ఈ రెండింటి మధ్య పడినప్పుడే చర్చకు పెట్టాలి. ఈ చర్చలో తెలిసినవాడు తెలియనివాడికి జవాబు అందించేస్తాడంతే కదా అనే అనుమానం సహజం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర తరగతుల మీద చేసి 2009లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన దీన్నే పరీక్షించింది. గుంపులో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని సందర్భాల్లో కూడా, చర్చ తర్వాత అదే సూత్రం మీద వేసిన కొత్త ప్రశ్నకు విద్యార్థులు మెరుగ్గా జవాబిచ్చారని అందులో తేలింది. అంటే మాట్లాడుకోవడంలోనే అర్థం చేసుకోవడం జరుగుతోంది. మన తరగతుల్లో ఆ మాటలు తెలుగులో సాగనివ్వాలని గట్టిగా చెప్పడానికి ఇది మంచి ఆధారం. ఇంగ్లీషులో సెమినార్ ఇవ్వడం పిల్లలకు రేపు ఉద్యోగంలో అవసరమే. కానీ ఆలోచన పుట్టే రెండు నిమిషాలకు కూడా ఇంగ్లీషు షరతు పెడితే సగం గది మళ్లీ మౌనంలోకి వెళ్లిపోతుంది.

గ్రాఫ్ దాచాలని పైన చెప్పడానికి కారణం ఉంది. మొదటి ఓటు ఫలితం కనబడగానే తక్కువ ఓట్లు పడ్డ వైపు ఉన్నవాళ్లు ఎక్కువ ఓట్ల వైపుకి జారిపోతారు. వాదన వినకుండానే మెజారిటీకి లొంగిపోతారు. ఫలితాలు దాచిపెట్టే ఏర్పాటు మెంటీమీటర్‌లోనూ స్లైడోలోనూ ఉంది. గూగుల్ ఫామ్ వాడితే రెస్పాన్సుల పేజీని ప్రొజెక్టర్ మీదికి తేకుండా ఉంటే సరిపోతుంది.

ఇంకో చిన్న విషయం పెద్ద తేడా తెస్తుంది. ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలో తరగతులను రికార్డు చేసి పరిశీలిస్తే, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తెలిసింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడే పిల్లలు పెరిగారు. మైకు పట్టుకుని నిలబడ్డ విద్యార్థికి ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం నరకంలా ఉంటుంది, వెంటనే తనే జవాబు చెప్పేస్తాడు. తెరమీద జవాబుల సంఖ్య పన్నెండు, పంతొమ్మిది, ముప్ఫై అని పెరుగుతుంటే మాత్రం ఆగడం కష్టమనిపించదు. గదికి ఆలోచించే సమయం దొరుకుతుంది, మాట్లాడేవాడికి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. ఈ సాధనాల గురించి చెప్పే వీడియోల్లో ఈ లాభాన్ని దాదాపు ఎవరూ ప్రస్తావించరు. సెమినార్‌కు భయపడే విద్యార్థికి మాత్రం అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

అన్ని ప్రశ్నలకూ సరైన జవాబు ఒకటే ఉండాలనేమీ లేదు. గుంటూరు మిర్చి యార్డు మీద ఎంబీఏ విద్యార్థి మాట్లాడుతుంటే, "ధర పడిపోయినప్పుడు రైతు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, వచ్చిన ధరకు అమ్మేయాలా?" అని అడగవచ్చు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఆ వివరం ముందు చెప్పి ఓటు వేయిస్తే ఒక రకంగా, ఓటు తర్వాత చెబితే ఇంకో రకంగా చర్చ నడుస్తుంది. మిర్చి పండించే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు గుంటూరులో ఏ తరగతిలోనైనా ఉంటారు. అప్పు ఇచ్చిన వ్యాపారికే సరుకు ఇవ్వాల్సి రావడం, స్టోరేజీ అద్దె, వడ్డీ లాంటివి స్లైడ్ల కంటే వాళ్లకే బాగా తెలుసు. ఫోన్ ఓటు వాళ్ల నోరు తెరిపించే తొలి మెట్టుగా ఉపయోగపడాలి. "అమ్మేయాలి అన్నవాళ్లు ఎక్కువమంది ఉన్నారు, ఎవరైనా ఒక కారణం చెప్పండి" అని అడిగితే చెప్పడం తేలిక, తాను ఒంటరిని కాదని తెరమీద ముందే కనబడింది కాబట్టి. చాలా సెమినార్లు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి. గ్రాఫ్ వచ్చింది, బాగుంది, నెక్స్ట్ స్లైడ్. అలా అయితే చేతులెత్తని తరగతి వేళ్లతో నొక్కే తరగతి అయిందే తప్ప మాట్లాడే తరగతి కాలేదు.

వర్డ్ క్లౌడ్ మీద మోజు ఎక్కువ. ఎక్కువమంది రాసిన మాట పెద్దగా కనిపిస్తుంది కాబట్టి చూడ్డానికి అందంగా ఉంటుంది. మన గదుల్లో దానికో చిక్కు ఉంది. ఒకే జవాబును ఒకరు తెలుగు లిపిలో, ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంకొకరు ఇంగ్లీషు మాటగా రాస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లలో కూడా స్పెల్లింగులు తలా ఒకటి. యాప్‌కు ఇవన్నీ వేర్వేరు మాటలే. నిజంగా ఎక్కువమంది అన్నది చిన్న ముక్కలుగా చెదిరిపోయి, ఇంగ్లీషులో సరిగ్గా టైప్ చేసిన ఐదుగురి మాట పెద్దగా కనిపిస్తుంది. తెలుగు కీబోర్డు అందరికీ అలవాటయ్యేదాకా, ఆప్షన్లు తెలుగులో ముందే రాసిపెట్టిన ప్రశ్నలే నమ్మదగినవి. నాలుగు మాటలు రాయించాలనుకుంటే ప్యాడ్‌లెట్ లాంటి ఆన్‌లైన్ గోడ మీద ఎవరి కార్డు వాళ్లు పెట్టేలా చేయడం మేలు.

కహూట్ తీరు వేరు. అందులో సరైన జవాబుకు గరిష్ఠంగా వెయ్యి పాయింట్లు, ఆలస్యమయ్యే కొద్దీ తగ్గుతూ వస్తాయి. ప్రతి ప్రశ్న తర్వాత ముందున్నవాళ్ల పేర్లు తెరమీదికి వస్తాయి. రివిజన్ రోజున దీనివల్ల గదిలో హుషారు వస్తుంది, కాదనలేం. కానీ ఈ పిల్లలు ఈఏపీసెట్ కోసం 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు కొట్టడం రెండేళ్లపాటు సాధన చేసి వచ్చినవాళ్లు. వేగంగా ఆప్షన్ పట్టేయడం వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. నెమ్మదిగా ఆలోచించడం, తెలియదని ఒప్పుకోవడం, ఎందుకని అడగడం నేర్పాలి. సెమినార్ మధ్యలో టైమరు, ర్యాంకుల పట్టిక పెడితే పాత కోచింగ్ అలవాటే తిరిగొస్తుంది, నెమ్మదిగా ఆలోచించేవాళ్లు రెండో ప్రశ్నకే వెనక్కి తగ్గుతారు. అందుకని కొత్త విషయం చెప్పే సెమినార్‌కు కహూట్ సరైన ఎంపిక కాదు.

ఇక ఖర్చు, సిగ్నల్ సంగతి. ఉచిత ఖాతాలకు పరిమితులు ఉంటాయి, అవి మారుతూ కూడా ఉంటాయి. మెంటీమీటర్ ఉచిత ఖాతాలో నెలకు 50 మంది, స్లైడోలో ఒక్కో కార్యక్రమానికి వంద మంది వరకు పాల్గొనవచ్చు. అరవై మంది సెక్షన్‌కు మొదటిది చాలదు. గూగుల్ ఫామ్‌కు అలాంటి ఇబ్బంది లేదు. ఎవరో ఒకరి ఫోన్ హాట్‌స్పాట్ మీద గదంతా నడవదు, ఒక ఫోన్ మామూలుగా పది పరికరాలను మించి మోయలేదు. ఇద్దరికి ఒక ఫోన్ అన్న పద్ధతి ఈ చిక్కుల్లో చాలావాటిని తీరుస్తుంది. అరవై మందికి ముప్ఫై ఫోన్లు చాలు. డేటా అయిపోయినవాడు, పాత ఫోన్ ఉన్నవాడు, అసలు ఫోన్ లేనివాడు అని ఎవరూ బయటపడరు. నొక్కే ముందు ఇద్దరూ ఒప్పుకోవాలి కాబట్టి చర్చ దానంతటదే మొదలవుతుంది. పైగా స్నేహితుడి ఫోన్‌లో ఇన్‌స్టా తెరవడం అంత తేలిక కాదు. మజూర్ పద్ధతిలో మొదట ఎవరికి వారు ఆలోచించాలి కాబట్టి జవాబు ముందు నోట్‌బుక్‌లో రాసుకోమంటే ఆ కొరత కూడా తీరుతుంది.

బడుల పరిస్థితి వేరు. ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెళ్లు ఉన్నాయి, కానీ పిల్లల చేతుల్లో ఫోన్లు ఉండకూడదు. 2023 ఆగస్టులో రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ బడుల్లో విద్యార్థుల ఫోన్లను నిషేధించింది, ఉపాధ్యాయులు తరగతిలోకి తీసుకెళ్లడం మీద కూడా ఆంక్ష పెట్టింది. పిల్లల ఫోన్ల మీద నిషేధం సబబే. వాళ్ల చేతికి కాగితం ఇచ్చి కూడా ఈ పని చేయవచ్చు. ప్లికర్స్ అనే సాధనంలో ప్రతి పిల్లవాడికీ ఒక నలుపు తెలుపు బొమ్మ ఉన్న కార్డు ఇస్తారు. ఆ కార్డును ఏ వైపు పైకి ఉండేలా పట్టుకుంటే అది జవాబు. ఉపాధ్యాయుడు తన పరికరం కెమెరాను గది అంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. పక్కవాడి కార్డు చూసినా కాపీ కొట్టడం కష్టం, ఒక్కో బొమ్మ ఒక్కోలా ఉంటుంది కాబట్టి. కార్డులు ఒకసారి ప్రింట్ తీసుకుంటే చాలు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో బడికి చెందిన ట్యాబ్ వాడితే నిబంధనతోనూ పేచీ ఉండదు. తొమ్మిదో తరగతి అమ్మాయి కిరణజన్య సంయోగక్రియ మీద ప్రాజెక్టు చూపిస్తూ "ఈ వేపచెట్టు ఇంత బరువెక్కడానికి కావాల్సిన పదార్థం ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చింది? మట్టి, నీరు, గాలి, ఎండ?" అని అడిగితే చాలా కార్డులు మట్టి వైపు తిరుగుతాయి. చెట్టు ఒంట్లోని కర్బనం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తుందని ఆ తర్వాత చెబితే గది నమ్మదు, వాదిస్తుంది. అలా వాదించడమే కదా కావలసింది.

పేరు కనపడకపోవడం వల్ల ధైర్యం వచ్చినట్టే అల్లరి కూడా వస్తుంది. హీరోల పేర్లు, పార్టీల నినాదాలు, తోటి అమ్మాయి మీద వెకిలి మాటలు తెరమీద పడిన తరగతులున్నాయి. బూతు మాటలను ఆపే ఏర్పాట్లు ఈ యాప్‌లలో ఉంటాయి, తెలుగు బూతును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అవి పట్టుకుంటాయన్న నమ్మకం పెట్టుకోకూడదు. రాసే ప్రశ్నలు పెట్టినప్పుడు ప్రతి జవాబునూ చూశాకే తెరమీదికి పంపే ఏర్పాటు వాడాలి, ఆ పని లెక్చరరే చూసుకోవాలి. పిల్లల వివరాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంటర్ విద్యార్థుల్లో దాదాపు అందరూ 18 ఏళ్లలోపువాళ్లే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ వయసువాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. తరగతి పోల్‌కు ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ, హాల్‌టికెట్ నంబరు అడగాల్సిన పనే లేదు.

ఇదంతా నిజంగా చదువుకు మేలు చేస్తుందా? 2014లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో 225 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. సైన్స్, ఇంజినీరింగ్, గణితం తరగతుల్లో విద్యార్థులు ఏదో ఒక రూపంలో పాల్గొన్న చోట ఫెయిలయినవారు 21.8 శాతం, ఉపన్యాసం మాత్రమే విన్న చోట 33.8 శాతం. ఈ తేడా యాప్‌ల వల్ల వచ్చింది కాదు, ఆ అధ్యయనాల్లో గుంపు చర్చలూ వర్క్‌షీట్లూ కూడా ఉన్నాయి. కాబట్టి ఏ కంపెనీ తన సాఫ్ట్‌వేర్ అమ్మడానికి ఈ అంకెను చూపినా కాలేజీ యాజమాన్యం తొందరపడకూడదు. కరెంటు పోయిన రోజున వేళ్లు గుండెకు ఆనించి ఒకటి, రెండు, మూడు చూపించమన్నా మంచి ప్రశ్న పనిచేస్తుంది. చెడ్డ ప్రశ్నను మాత్రం ఖరీదైన ప్యానెల్ కూడా కాపాడలేదు.

విద్యార్థులు ఇలాంటి ప్రశ్నలు తయారుచేయాలంటే దానికి మార్కులు ఉండాలి. సాధారణంగా సెమినార్‌కు స్లైడ్లు, భాష, సమయపాలన చూసి మార్కులు వేస్తారు. అందులో కొంత భాగం తీసి, తరగతిని రెండుగా చీల్చగల ఒక ప్రశ్న తెచ్చినందుకు, వచ్చిన జవాబులను పట్టుకుని ఇద్దరి చేతనైనా మాట్లాడించినందుకు కేటాయించాలి. ప్రశ్నను సెమినార్‌కు రెండు రోజుల ముందే లెక్చరర్‌కు చూపించమనాలి. "ఇది గూగుల్‌లో దొరికేస్తుంది, ఇంకోటి ఆలోచించు" అని ఒక్కసారి వెనక్కి పంపితే, రెండోసారి విద్యార్థి తన అంశాన్ని పీపీటీ కోసం చదివినదానికంటే లోతుగా చదివి వస్తాడు.